ఎపిసోడ్ టెక్స్ట్: ఆ పదకొండు కిలోమీటర్లు – రంపచోడవరం నడక, కాళ్ళ బొబ్బలు

ఈసారి డ్రోన్ షాట్లు లేవు, జలపాతాలు లేవు, బొంగు చికెన్ కూడా లేదు. ఈ ఎపిసోడ్ మొత్తం కాళ్ళ గురించే. సూటిగా చెప్పాలంటే బొబ్బల గురించి.

పోయిన ఎపిసోడ్‌లో రంపచోడవరం నుంచి మారేడుమిల్లి దాకా నడిచాం కదా. అది చూసిన చాలామంది ఒకటే అడిగారు: బయల్దేరినప్పుడు నలుగురు ఉన్నారు, చివర్లో ముగ్గురే ఉన్నారు, ఆ నాలుగో అతను ఏమయ్యాడని. ఏం కాలేదండీ. పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర అటుగా వెళ్తున్న ఆటో ఎక్కేశాడు. పాము కరవలేదు, ఎలుగుబంటి కనబడలేదు. కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ, అది కూడా అప్పటికే చిట్లిపోయి, సాక్సు దానికి అతుక్కుపోయి ఉంది. అంతే.

వాడి పేరు చెప్పను. కానీ వాడి పర్మిషన్‌తోనే చెప్తున్నా. వాడు ఫిట్‌గా లేనివాడేం కాదు. హైదరాబాద్‌లో వారానికి మూడు రోజులు పరిగెడతాడు. మా నలుగురిలో స్టామినా ఎక్కువ ఉన్నది వాడికే. రోడ్డు కూడా అంత కష్టమైంది కాదు. రంపచోడవరం నుంచి మారేడుమిల్లికి ముప్పై కిలోమీటర్లకి కాస్త తక్కువ. అసలైన ఘాట్ మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్ళేటప్పుడు మొదలవుతుంది. ఇటువైపు ఎక్కుడూ దిగుడూ ఉంటాయి గానీ ఊపిరి ఆడనంత కాదు. కార్తీక మాసం, పొద్దున మంచు, చల్లటి గాలి. నడవడానికి ఇంతకంటే మంచి టైం ఉండదు.

మరి ఏం జరిగింది? ఆ రాత్రి కూర్చుని వాడిని మొదటి నుంచీ చెప్పమన్నాను. ఆఫీసులో సర్వర్ పడిపోతే మర్నాడు టైంలైన్ రాయిస్తారు చూడండి, అలాగ. భూపతిపాలెం రిజర్వాయర్ దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న వాగులో, ఫోటోల కోసం, బూట్లతోనే దిగాడు. సాక్సులు తడిశాయి. ఎనిమిదో కిలోమీటరు దగ్గర మడమ మీద కొంచెం వెచ్చగా అనిపించింది. నొప్పి కాదు, వెచ్చదనం. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కుంటడం మొదలైంది. నేను రెండుసార్లు అడిగాను. "ఏం లేదురా, పదండి" అన్నాడు. పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర ఇక వల్ల కాలేదు.

ఎనిమిదికీ పంతొమ్మిదికీ మధ్య పదకొండు కిలోమీటర్లు. మన భాషలో చెప్పాలంటే ఎనిమిది దగ్గర వార్నింగ్ వచ్చింది, పంతొమ్మిది దగ్గర ఎర్రర్ వచ్చింది. మధ్యలో రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల్లో ఏ నిమిషమైనా సరే, రోడ్డు పక్క రాయి మీద ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే వాడు మారేడుమిల్లి దాకా నడిచేవాడు. ఈ ఎపిసోడ్ అంతా ఆ పదకొండు కిలోమీటర్ల గురించే.

ముందు బొబ్బ ఎలా వస్తుందో చూద్దాం. మనందరం ఏమనుకుంటాం? బూటు చర్మాన్ని పైనుంచి రాస్తుంది, రాసి రాసి చర్మం లేచిపోతుంది అని. అది దోక్కుపోవడం. బొబ్బ వేరు. ఒక చిన్న పని చేయండి, ఇప్పుడే, వీడియో చూస్తూనే. మీ కుడి చూపుడు వేలు కొనని ఎడమ చేతి వెనక వైపు గట్టిగా ఆనించండి. వేలు జారకుండా ముందుకీ వెనక్కీ కదపండి. వేలు చర్మం మీద ఉన్నచోటే ఉంది. కానీ చర్మం మాత్రం కింద ఉన్న ఎముక మీద అటూ ఇటూ సాగుతోంది. కదా? బూటులో జరిగేది అదే. సాక్సు చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. లోపల మడమ ఎముక ప్రతి అడుగుకీ కదులుతుంది. ఈ రెండిటి మధ్యా ఉన్న చర్మపు పొరలు సాగుతాయి, వదులవుతాయి, మళ్ళీ సాగుతాయి. వేల అడుగుల తర్వాత పై పొరకి కాస్త కింద, లోపలే చీలిక వస్తుంది. ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అదే బొబ్బ. అంటే పైకి ఏమీ కనబడకముందే లోపల పని మొదలైపోయి ఉంటుంది. మీకు తెలిసేది ఒక్క వెచ్చదనమే.

మన తెలుగులో "చెప్పు కరిచింది" అంటాం. చాలా మంచి మాట. కొత్త చెప్పు కరిస్తే మా అమ్మమ్మ పట్టీకి ఆముదం పూసి రెండు రోజులు పక్కన పెట్టేది. తోలు మెత్తబడేది. అది తోలు చెప్పుకి మంచి వైద్యమే. ఆ లాజిక్కే పట్టుకుని కొంతమంది కాలికి కొబ్బరి నూనో వాసెలీనో పూసి బూటు వేస్తారు. మొదట బాగానే ఉంటుంది, రాపిడి తగ్గుతుంది. కానీ గంటా రెండు గంటల్లో సాక్సు దాన్ని పీల్చేస్తుంది, చర్మం మెత్తబడుతుంది, ఆ తర్వాత పట్టు ఇంకా పెరుగుతుంది. వాసెలీన్ వాడే పరుగుల వాళ్ళు మధ్యమధ్యలో మళ్ళీ పూసుకుంటూ ఉంటారు. ఒకసారి పూసి రోజంతా నడుస్తానంటే కుదరదు.

ఇక తడి. ఈ కొండల్లో అసలు విలన్ తడే. పూర్తిగా పొడిగా ఉన్న చర్మం మీద గుడ్డ జారుతుంది. కాస్త తడిగా, చెమ్మగా ఉన్న చర్మాన్ని గుడ్డ పట్టుకుంటుంది. వాగులో దిగితేనే తడి అని కాదు, చెమట చాలు. కానీ రంపచోడవరం ఏజెన్సీలో రోడ్డు వదిలి ఏ ఊరికి నడిచినా వాగు తగలకుండా ఉండదు. ఇక్కడ ఆ దారుల్లో రోజూ నడిచేవాళ్ళు ఎవరో తెలుసా? ట్రెక్కర్లు కాదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, టీచర్లు, సంతకి సరుకు మోసుకొచ్చే కొండరెడ్లు. మేం టీ కోసం ఆగిన చోట ఒక ఆశా అక్క కలిశారు. కాళ్ళకి మామూలు రబ్బరు చెప్పులు, భుజాన బ్యాగు. మావాడి బూట్లు చూసి నవ్వారు. "అన్నయ్యా, ఈ తడి బూటు ఎండే లోపు నీ కాలు ఉడికిపోద్ది" అన్నారు. మీరేం చేస్తారక్కా అని అడిగాను. వాగు దాటాక బ్యాగులోంచి తువ్వాలు తీసి వేళ్ళ సందులతో సహా తుడుచుకుంటారట. ఎంత తొందరున్నా సరే. వానాకాలంలో ఒక్కో రోజు ఐదారుసార్లు. "ఒక రోజు నడిచి ఇంటికెళ్ళిపోయేదైతే పర్లేదు, మళ్ళీ రేపు నడవాలి కదా" అన్నారు.

చూడండి, దీంట్లో పెద్ద గాడ్జెట్ ఏమీ లేదు. ఒక తువ్వాలు. మీరు వీకెండ్ ట్రెక్‌కి వచ్చినా అంతే. వాగు వస్తే బూట్లూ సాక్సులూ విప్పండి, బ్యాగుకి తగిలించుకున్న చెప్పులు వేసుకుని దాటండి, అవతల కాళ్ళు తుడుచుకుని, పొడి సాక్సు వేసి, అప్పుడు బూటు. వాగు అడుగున రాళ్ళు పదునుగా, పాచి పట్టి ఉంటాయి కాబట్టి ఒట్టి కాళ్ళతో మాత్రం వద్దు. వాన పడుతుంటే, నీళ్ళు ఎర్రగా వస్తుంటే అసలు దిగనే వద్దు. అక్కడ సమస్య బొబ్బ కాదు, ప్రాణం.

ఇప్పుడు అసలు విషయం. మడమ దగ్గరో, బొటనవేలి పక్కనో, అరికాలి ముందు భాగంలోనో వెచ్చగా అనిపించింది. చురుక్కుమనడం కూడా కాదు, జస్ట్ అక్కడ ఒక చోటు ఉందని కాలికి తెలుస్తోంది. అప్పుడు ఆగండి. వచ్చే మైలురాయి దగ్గర కాదు, టీ కొట్టు దగ్గర కాదు, అక్కడే. బూటు విప్పండి, సాక్సు విప్పండి. సాక్సులో ఇసక రేణువు ఉందేమో, మడత పడిందేమో చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. కాలు తుడిచి రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. ఆ చోట చర్మం గులాబీ రంగులోనో, మన ఛాయల్లో అయితే కాస్త ముదురుగానో, ముట్టుకుంటే వేడిగానో ఉంటుంది. దాని మీద పేపర్ టేప్ వేయండి.

పేపర్ టేప్ అంటే కంగారు పడకండి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు సూది కదలకుండా చేతి మీద అంటిస్తారు చూడండి, తెల్లగా, పల్చగా, చేత్తో చింపితే చిరుగుతుంది. అదే. మెడికల్ షాపులో మైక్రోపోర్ అంటే ఇస్తారు. రంపచోడవరంలో దొరుకుతుంది, మీ ఊళ్ళో కూడా దొరుకుతుంది. దీని మీద స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఒక మంచి ప్రయోగం చేశారు, 2016లో ప్రచురించారు. 250 కిలోమీటర్ల రేసు, కొన్ని రోజుల పాటు సాగేది. అందులో 128 మంది పరుగు వీరుల్ని తీసుకుని, ఒక కాలి మీద కొన్ని చోట్ల పేపర్ టేప్ వేశారు, అదే కాలి మీద మిగతా చోట్లు అలాగే వదిలేశారు. టేప్ వేసిన చోట 98 మందికి బొబ్బ రాలేదు. టేప్ లేని చోట్ల 81 మందికి వచ్చింది. నాకు ఈ ప్రయోగం ఎందుకు నచ్చిందంటే, పోలిక ఇద్దరు మనుషుల మధ్య కాదు, ఒకే మనిషి ఒకే కాలి మీద టేప్ ఉన్న చోటుకీ లేని చోటుకీ మధ్య. అదే బూటు, అదే దారి, అదే చెమట. ఇంజినీరింగ్ చదివినవాడికి ఇంతకంటే ఏం కావాలి!

టేప్ వేయడంలో ఒక్క జాగ్రత్త. ఒకటే పొర, ముడత లేకుండా. ముడత ఉంటే అది కొత్త ఇసక రేణువుతో సమానం. మూలలు గుండ్రంగా కత్తిరించండి, సాక్సు లాగినప్పుడు లేవదు. నూనె, చెమట ఉన్న చర్మానికి అంటదు కాబట్టి ముందు తుడవాలి. మీకు ఎప్పుడూ ఒకే చోట బొబ్బ వస్తుందా? అయితే వెచ్చబడే దాకా ఎందుకు, పొద్దున బయల్దేరేటప్పుడే వేసేయండి. ఇక విప్పేటప్పుడు మెల్లగా, తడిపి విప్పండి. కింద బొబ్బ ఉంటే పీకడంతో పాటు పైతోలు కూడా వచ్చేస్తుంది. మామూలు బ్యాండ్-ఎయిడ్ ఎందుకు కాదు అంటారేమో. వేలు తెగితే మంచిదే. బూటులో మడమ మీద, చెమటలో, అరగంటకి చుట్ట చుట్టుకుపోతుంది.

చెమట అంటే గుర్తొచ్చింది. చంకలకి వాడే యాంటీపర్‌స్పిరెంట్ కాళ్ళకి పూస్తే చాలు అని రీల్స్‌లో చెప్తుంటారు. దీన్ని అమెరికా మిలిటరీ క్యాడెట్ల మీద పరీక్షించారు, 1998లో వచ్చింది ఆ పేపర్. 21 కిలోమీటర్ల నడక. ముందు రోజుల్లో మందు పూసుకున్న వాళ్ళలో 21 శాతం మందికి బొబ్బలు వచ్చాయి, ఉత్తుత్తి మందు పూసుకున్న వాళ్ళలో 48 శాతం మందికి. అబ్బో అనిపిస్తుంది కదా? ఆగండి. మందు వాడిన వాళ్ళలో 57 శాతం మందికి చర్మం మండింది, దురద పెట్టింది. ఉత్తుత్తి దానిలో ఆ సంఖ్య 6. రీల్స్‌లో మొదటి లైనే చెప్తారు, రెండోది చెప్పరు. నేనైతే టేపూ తువ్వాలూ దగ్గరే ఆగుతాను.

బొబ్బ ఎక్కడ వచ్చిందో చూస్తే ఎందుకు వచ్చిందో చాలావరకు తెలుస్తుంది. మడమ వెనక అయితే ఎక్కేటప్పుడు మడమ బూటులోంచి లేస్తోందని అర్థం. బూటు పైన చీలమండ దగ్గర ఒక అదనపు రంధ్రం ఉంటుంది, ఎవరూ వాడరు. లేసుని అదే వైపు పై రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి లేసుని ఆ ఉచ్చులోంచి లాగి బిగించండి. మడమ కదలదు. వేళ్ళ కొనల దగ్గర, గోళ్ళ కింద వస్తే అది దిగుడు బొబ్బ. బూటు చిన్నదో, లేసు వదులుగా ఉండి కాలు ముందుకి జారుతోందో. బూటు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నించుంటే ముందు ఒక బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. రెండు రోజుల ముందే గోళ్ళు తీసుకోండి. వేళ్ళ మధ్య వస్తే చెమట. కాటన్ సాక్సు తడిస్తే ఆరదు, సింథటిక్‌వి కానీ ఉన్నివి కానీ వాడండి. బూట్ల గురించి ఇంతకంటే చెప్పను. ఆ టాపిక్ మొదలెడితే బ్రాండ్ల గొడవ అయిపోతుంది.

సరే, ఇవేవీ కుదరలేదు. బొబ్బ వచ్చేసింది. ఇప్పుడు పొడవాలా వద్దా?

చిన్నది, నొప్పి లేదు, చిట్లలేదు అంటే ముట్టుకోకండి. దాని మీద ఉన్న తోలే ప్రపంచంలో బెస్ట్ బ్యాండేజీ. లోపల నీళ్ళలో క్రిములు ఉండవు. పైన టేప్ వేయండి, దాని చుట్టూ ఒత్తిడి పడకుండా మెత్తటి ఫోమ్‌నో మందపాటి ప్లాస్టర్‌నో గారె ఆకారంలో, మధ్యలో చిల్లుతో కత్తిరించి పెట్టండి. గారె అన్నందుకు నవ్వకండి, సరిగ్గా అదే షేపు.

పెద్దది, అడుగు వేస్తే ప్రాణం పోతోంది, ఇంకా పది కిలోమీటర్లు ఉంది, మీకు షుగర్ లాంటి సమస్యలేవీ లేవు. అప్పుడు నీరు తీయొచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోండి. బొబ్బనీ చుట్టూ చర్మాన్నీ బెటాడిన్‌తో తుడవండి. మెడికల్ షాపులో సీలు వేసిన సిరంజి సూది దొరుకుతుంది, ఒకటి కిట్‌లో పెట్టుకోండి. చీర పిన్నీసు, లైటర్ మంటలో కాల్చిన సూది, ఇవి వద్దు. మసి లోపలికి వెళ్తుంది. బొబ్బ మధ్యలో కాదు, కింద అంచున, ఒకటి రెండు చోట్ల చిన్నగా గుచ్చి మెల్లగా ఒత్తండి. తోలు మాత్రం పీకొద్దు. దయచేసి పీకొద్దు. అది అలాగే కిందికి అతుక్కుంటుంది. పైన శుభ్రమైన గాజుగుడ్డ, దాని మీద టేప్. మళ్ళీ నీరు చేరుతుంది, అది మామూలే, సాయంత్రం ఇంకోసారి తీయాల్సి రావొచ్చు. సూదిలో దారం ఎక్కించి బొబ్బలోంచి లాగి దారం లోపలే వదిలేసే పద్ధతి ఒకటుంది, నీరు కారిపోతూ ఉంటుందని. ఆ దారం నీటికే కాదు, క్రిములకి కూడా తాడే. అలా చేయకండి.

మావాడిలా తోలు చిట్లిపోతే అది ఇక బొబ్బ కాదు, పుండు. మంచినీళ్ళతోనో సెలైన్‌తోనో బాగా కడగండి, ఇసక ఉండకూడదు. అతుక్కున్న సాక్సుని పీకకుండా నీళ్ళు పోసి నాననిచ్చి తీయండి. మేం అదే చేశాం, దానికే పావుగంట పట్టింది. పైన అంటుకోని రకం డ్రెస్సింగ్ వేసి కట్టండి. పసుపు, టూత్‌పేస్ట్, కాఫీ పొడి, ఇవి వద్దు. పసుపు మంచిదే, కాదనను. కానీ వంటింటి డబ్బాలో పసుపు, చెంచాలు పెట్టి తీసిన పసుపు, పుండు మీద వేసేంత శుభ్రమైంది కాదు. ఇక నడక అక్కడితో ఆపేయాలి. ఆటో ఎక్కినందుకు మావాడిని మేం వెక్కిరించలేదు. ఆ రోజు వాడు చేసిన సరైన పని అదే.

ఒక్క బొబ్బకి ఇంత బిల్డప్పా అనుకునేవాళ్ళకి ఒక కథ. 1924. మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపిన సంవత్సరం. ఈ రంపచోడవరం పోలీసు స్టేషన్ మీదికి ఆయన 1922 అక్టోబరు 19న వచ్చారు. ఇక్కడి వాళ్ళకి ఆ సంవత్సరాలు బాగా గుర్తు. అదే 1924లో జూన్ 30న అమెరికా ప్రెసిడెంట్ కాల్విన్ కూలిజ్ కొడుకు, పదహారేళ్ళ కుర్రాడు, వైట్‌హౌస్‌లో సాక్సులు లేకుండా బూట్లు వేసుకుని టెన్నిస్ ఆడాడు. కాలివేలి మీద బొబ్బ వచ్చింది. పట్టించుకోలేదు. క్రిములు చేరి రక్తంలోకి వెళ్ళాయి. జూలై 7న చనిపోయాడు. వారం రోజులు. దేశంలో పెద్ద పెద్ద డాక్టర్లందరూ పక్కనే ఉన్నారు, కానీ పెన్సిలిన్ కనిపెట్టడానికి ఇంకా నాలుగేళ్ళు ఉంది.

ఇప్పుడు మందులున్నాయి. కాబట్టి భయపడాల్సింది లేదు, కానీ గుర్తుపట్టాలి. బొబ్బ చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకుతోంది, వేడిగా ఉంది, చీము పట్టింది, అక్కడి నుంచి పైకి ఎర్రటి గీత వెళ్తోంది, గజ్జల్లో బిళ్ళ కట్టింది, జ్వరం వచ్చింది. వీటిల్లో ఏ ఒక్కటి కనబడినా గూగుల్ చేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మారేడుమిల్లిలో పీహెచ్‌సీ ఉంది, రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అది కూడా అడగండి.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ఇందాక నేను పదేపదే చెప్పిన వెచ్చదనం ఉంది చూడండి, ఆ వార్నింగే వాళ్ళకి రాదు. నేరుగా ఎర్రరే. రక్తం సరిగ్గా అందదు కాబట్టి పుండు మానదు కూడా. ఇది ట్రెక్కింగ్ చేసే మనకంటే మన అమ్మానాన్నలకి పనికొచ్చే విషయం. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, తారు రోడ్డు మీద, ఎక్కువమంది చెప్పులు లేకుండా నడుస్తారు. తిరుమల మెట్లు, శ్రీశైలం కాలినడక. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు మొక్కు అని బయల్దేరితే ఆపమని చెప్పను, అది వాళ్ళ నమ్మకం. కానీ ముందు డాక్టర్‌కి పాదాలు చూపించండి. మీరు పక్కన నడవండి. గంటకోసారి కూర్చోబెట్టి అరికాళ్ళు మీ కళ్ళతో మీరే చూడండి. నొప్పి ఉందా అని అడిగితే లేదంటారు. నిజంగానే ఉండదు. చిన్న బొబ్బ కనబడినా సూదితో గుచ్చొద్దు, నడక ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చెప్పులు లేకుండా నడిచేవాళ్ళకి మరి బొబ్బలు రావా? కొండ ఊళ్ళలో వాళ్ళు అడవిలో ఒట్టి కాళ్ళతో నడుస్తారు కదా అంటారు. వాళ్ళ అరికాలి తోలు ఏళ్ళ తరబడి మందం కట్టింది. 2019లో నేచర్ పత్రికలో కెన్యా వాళ్ళ పాదాల మీద ఒక పరిశోధన వచ్చింది. అలా మందం కట్టిన తోలు కాపాడుతుంది, అయినా నేల స్పర్శ మాత్రం తగ్గదట. మందపాటి సోల్ ఉన్న బూటుకి లేని సుగుణం అది. కానీ ఆ తోలు ఒక్క వారంలో రాదు. మీరు ముప్పై కిలోమీటర్లు నడవాలనుకుంటే నెలన్నర ముందు నుంచి వారానికోసారి ఐదు, ఎనిమిది, పన్నెండు అని పెంచుకుంటూ పోండి. అదే బూట్లతో, అదే సాక్సులతో, అదే బరువు బ్యాగుతో. ట్రెక్ రోజు కొత్త బూటు అంటే శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో డిప్లాయ్ చేయడమే.

ఇంకొక్క మాట, నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. మావాడు ఎందుకు చెప్పలేదు? టేప్ నా బ్యాగులోనే ఉంది. వాడికీ తెలుసు. ఆ రాత్రి వాడన్నది ఇదీ: "మీరు ముగ్గురూ మంచి ఊపులో ఉన్నారు, నా ఒక్కడి కోసం ఎందుకు ఆపడం అనుకున్నా." ఇది మొహమాటం. మన దగ్గర బొబ్బలకి తడి ఎంత కారణమో మొహమాటం అంత కారణం. అమ్మాయిలు ఉన్న గ్రూపుల్లో అబ్బాయిలు చెప్పరు, అబ్బాయిలు ఎక్కువున్న గ్రూపుల్లో అమ్మాయిలు చెప్పరు, సీనియర్ల ముందు జూనియర్లు చెప్పరు. "అందరూ ఓకేనా?" అని అరిస్తే అందరూ ఓకే అనే అంటారు. ఆ ప్రశ్న వేస్ట్.

అందుకని ఇప్పుడు మా బ్యాచ్‌లో ఆ ప్రశ్న తీసేశాం. బయల్దేరిన నలభై నిమిషాలకి ఎవరికి ఎలా ఉన్నా సరే అందరం ఆగుతాం, అందరం బూట్లు విప్పుతాం. సాక్సులు దులుపుతాం, కాళ్ళు తుడుస్తాం, ఒకళ్ళ మడమలు ఒకళ్ళం చూసుకుంటాం. కంపు కొడతాయి, నిజమే. తర్వాత ప్రతి గంటన్నరకి, ఇంకా ప్రతి వాగు దాటాక అంతే. అడిగి ఆపించాల్సిన పని ఎవరికీ ఉండదు కాబట్టి దాచాల్సిన పనీ ఉండదు. మొత్తం రోజులో కలిపి అరగంట పోతుంది. ఆ రోజు మావాడి సాక్సు నానబెట్టి తీసి, కట్టు కట్టి, ఆటో కోసం ఎదురుచూసేసరికి మాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

ఇంటికొచ్చాక సంగతి. తోలు ఊడని బొబ్బ అయితే కింద కొత్త పై పొర రావడానికి దాదాపు 120 గంటలు, అంటే ఐదు రోజులు పడుతుంది. ఊడిపోతే ఇంకా ఎక్కువ. ఆ లోపు ఆ బూటు వేయకండి, సోమవారం ఆఫీసుకి చెప్పులతోనే వెళ్ళండి. రోజూ కట్టు మార్చండి, తడిస్తే వెంటనే మార్చండి. ఎండిపోయిన పాత తోలు దానంతట అదే రాలుతుంది, టీవీ చూస్తూ గిల్లకండి.

మావాడికి మానడానికి పదకొండు రోజులు పట్టింది. కిలోమీటరుకి ఒక రోజు చొప్పున అని వాడే లెక్క కట్టి చెప్పాడు. వచ్చే నెల గుడిస వైపు వెళ్దామంటున్నాడు. పేపర్ టేప్ డజను కొన్నాడట, అంత ఎందుకురా అంటే వినడం లేదు. పర్మిషన్లు దొరికితే ఆ వీడియో పెడతాను. ఉంటానండీ, బై.